జీవానికి సొంత ఊరు ఏది?

పిల్లలూ, కొత్త బడిలో చేరిన ప్రతిసారీ మనకొక ఫారం ఇస్తారు. అందులో 'స్వస్థలం' అని ఒక గడి ఉంటుంది. పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల ఉద్యోగం గబగబా నింపేస్తాం. ఆ గడి దగ్గరికి రాగానే పెన్ను ఆగిపోతుంది. పుట్టింది జోధ్‌పూర్‌లో, మాటలు నేర్చింది జోర్హాట్‌లో, అమ్మమ్మగారిది తెనాలి, తాతగారి పాత ఇల్లు కరీంనగర్ దగ్గర. ఏది రాయాలి? మేమూ ఆ గడి దగ్గర చాలాసార్లు ఆగినవాళ్లమే.

ఒకరోజు తెలుగు పీరియడ్‌లో ఈ మాటే నడుస్తుండగా వెనక బెంచీ నుంచి ఒక ప్రశ్న వచ్చింది. "టీచర్, మన సంగతి సరే. అసలు ప్రాణానికి సొంత ఊరు ఏది? మొదటి బడిలో సముద్రం అన్నారు. రెండో బడిలో వేడినీటి మడుగు అన్నారు. ఇక్కడేమో ఉల్కల మీద వచ్చిందని ఎవరో చెప్పారు. పరీక్షలో ఏది రాయాలి?"

రేపు చెబుతామన్నాం. తెలుగు చెప్పేవాళ్లం కదా, స్టాఫ్‌రూమ్‌లో పక్క కుర్చీలో ఉండే బయాలజీ మేడమ్‌గారిని అడిగితే సరిపోతుందనుకున్నాం. ఆవిడ నవ్వి నాలుగు పుస్తకాలు చేతిలో పెట్టారు. ఆ 'రేపు' వేసవి సెలవులన్నీ తినేసింది. చదివినదాంట్లో మాకు అర్థమైనంత ఇక్కడ చెబుతున్నాం. మధ్యలో కొంచెం వ్యాకరణం కూడా వస్తుంది. మా నుంచి అది తప్పించుకోలేరు.

మన పాత పుస్తకాల్లో ప్రాణులను నాలుగు రకాలుగా విడదీశారు. మావి నుంచి పుట్టేవి జరాయుజాలు, గుడ్డు నుంచి పుట్టేవి అండజాలు, నేలను చీల్చుకుని మొలిచేవి ఉద్భిజ్జాలు, చెమట నుంచి, ఉక్క నుంచి పుట్టేవి స్వేదజాలు. పేలు, నల్లులు, దోమలు ఈ చివరి రకంలో చేరాయి. గ్రీకు దేశంలో అరిస్టాటిల్ కూడా కొన్ని ప్రాణులు బురదలోంచీ కుళ్లులోంచీ వాటంతటవే పుడతాయని నమ్మాడు. కళ్లకు కనిపించింది అదే మరి. మాంసం కుళ్లితే పురుగులు, నీళ్లు నిలిస్తే దోమలు.

1668లో ఇటలీ వైద్యుడు ఫ్రాన్సెస్కో రెడీ చాలా తేలికైన పని చేశాడు. కొన్ని జాడీల్లో మాంసం వేసి తెరిచి ఉంచాడు. మరికొన్నింటికి పల్చటి గుడ్డ కట్టాడు. తెరిచిన వాటిలో పురుగులు పడ్డాయి. గుడ్డ కట్టిన వాటిలో పడలేదు. ఈగలు వాలి గుడ్లు పెడితేనే పురుగులన్నమాట. మనం "బియ్యానికి పురుగు పట్టింది" అంటాం చూడండి, పురుగు బయటి నుంచి వచ్చి పట్టుకున్నట్టు. రెడీ చెప్పిందీ అదే.

కంటికి కనిపించని సూక్ష్మజీవుల విషయంలో మాత్రం తగాదా మరో రెండు వందల ఏళ్లు నడిచింది. 1860 ప్రాంతంలో ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ హంస మెడలా వంపు తిరిగిన గాజు బుడ్డిలో పులుసు మరిగించాడు. గాలి లోపలికి వెళ్లగలదు. గాలితోపాటు వచ్చే దుమ్ము మాత్రం ఆ వంపులోనే ఆగిపోతుంది. పులుసు చెడలేదు. మెడ విరగ్గొడితే కొద్ది రోజుల్లోనే చెడింది. ప్రాణి నుంచే ప్రాణి వస్తుందని తేలింది.

తేలింది కానీ, అసలు చిక్కు అక్కడే మొదలైంది. ప్రాణి నుంచే ప్రాణి వస్తే మొదటి ప్రాణి ఎక్కడి నుంచి వచ్చింది? భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్లు. మొదట్లో అదొక కరిగిన రాతి ముద్ద. పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బారా అనే చోట సుమారు 348 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో సూక్ష్మజీవులు పొరలు పొరలుగా వదిలిన గుర్తులున్నాయి. వాటిని స్ట్రొమటోలైట్లు అంటారు. (అంత పాతవి కాకపోయినా మన కడప ప్రాంతంలో వేంపల్లె శిలల్లో కూడా స్ట్రొమటోలైట్లున్నాయి. వాటి వయసు దాదాపు 190 కోట్ల ఏళ్లు.) అంటే కరిగిన ముద్దకూ ఈ పొరలకూ మధ్య ఎప్పుడో, ఎక్కడో, ప్రాణం లేని రసాయనాలు ప్రాణంగా మారాయి. పాశ్చర్ ప్రయోగం దీన్ని కాదనదు. ఇప్పటి భూమి మీద, ఒక బుడ్డిలో, కొద్ది నెలల్లో అలా జరగదని మాత్రమే ఆయన చూపించాడు.

చార్లెస్ డార్విన్ 1871లో తన మిత్రుడు హూకర్‌కు రాసిన ఉత్తరంలో ఒక వెచ్చని చిన్న మడుగును ఊహించాడు. అందులో అమ్మోనియా, ఫాస్ఫరస్ లవణాలు, వెలుతురు, వేడి, విద్యుత్తు కలిసి ప్రొటీను వంటిది తయారైతే ఎలా ఉంటుందని అడిగాడు. ఇవాళ అలాంటిది తయారైనా వెంటనే ఏదో ఒక ప్రాణి తినేస్తుందని కూడా రాశాడు. ఇప్పుడెందుకు కొత్తగా ప్రాణం పుట్టడం లేదని మీరడిగితే జవాబులో సగం అదే. మిగతా సగం గాలిలోని ఆక్సిజన్. మనకు అదే ఊపిరి, అలాంటి సుకుమారమైన అణువులకు మాత్రం చేటు.

1924లో మాస్కోలో ఒపారిన్, 1929లో ఇంగ్లండులో హాల్డేన్, ఒకరి పని ఒకరికి తెలియకుండా దాదాపు ఒకే మాట రాశారు. ఆ రోజుల్లో గాలిలో ఆక్సిజన్ లేదు. సూర్యుడి అతినీలలోహిత కిరణాలు, మెరుపులు సాధారణ వాయువుల నుంచి కర్బన పదార్థాలను తయారుచేశాయి. అవి సముద్రంలో చేరి పోగయ్యాయి. హాల్డేన్ లెక్కలో ఆ సముద్రం వేడి వేడి పల్చటి చారు.

ఈ హాల్డేన్‌గారి గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేం. ఆయన 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చేశారు. మన దేశ పౌరసత్వం తీసుకున్నారు. తర్వాత భువనేశ్వర్ వెళ్లారు. తెలుగువారైన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన దగ్గర పరిశోధన చేసి, తర్వాత ఆయన జీవిత చరిత్ర రాశారు. 1964 డిసెంబరు 1న హాల్డేన్ చనిపోయినప్పుడు, ఆయన కోరిక ప్రకారం దేహాన్ని వైద్య విద్యార్థుల చదువు కోసం కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టిన మనిషి కాకినాడ చేరాడు. ఆయన స్వస్థలం గడిలో ఏం రాయాలో మీరే చెప్పండి.

ఒపారిన్, హాల్డేన్ చెప్పింది ఊహ. దాన్ని గాజు సీసాలో పెట్టి చూసినవాడు స్టాన్లీ మిల్లర్. 1952లో అతనికి ఇరవై రెండేళ్లు, షికాగో విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి. గురువు హెరాల్డ్ యూరీ అప్పటికే నోబెల్ పొందినవాడు. కుర్రవాడికి ఇంత గడ్డు పని ఎందుకని ఆయన మొదట వెనకాడాడు. మిల్లర్ పట్టు వదల్లేదు. ఒక బుడ్డిలో నీళ్లు పోసి మరగబెట్టాడు, అది సముద్రం. పైన పెద్ద బుడ్డిలో మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, అది ఆకాశం. అందులో రెండు లోహపు కడ్డీల మధ్య నిప్పురవ్వలు, అవి మెరుపులు. ఆవిరి పైకి వెళ్లి, చల్లబడి, మళ్లీ కిందికి వానలా రావాలి. మరునాటికి నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి. వారానికి చిక్కటి ఎరుపయ్యాయి. పరీక్షిస్తే గ్లైసీన్, అలనీన్ వంటి అమైనో ఆమ్లాలు కనిపించాయి. మన శరీరంలోని ప్రొటీన్లు కట్టేది వీటితోనే.

ఆ వ్యాసం 1953 మే 15న వచ్చింది. దాని మీద తన పేరు వద్దన్నాడు యూరీ. తన పేరుంటే పేరంతా తనకే పోతుందని ఆయన భయం. మాకు ప్రయోగం ఎంత నచ్చిందో ఇదీ అంత నచ్చింది.

మిల్లర్ 2007లో చనిపోయాడు. ఆయన విద్యార్థి జెఫ్రీ బాడా దగ్గరకు పాత పెట్టెలు చేరాయి. వాటిలో అగ్నిపర్వతపు ఆవిరిని పోలిన మరో ప్రయోగం నుంచి మిగిలిన, యాభై ఏళ్లు దాటిన సీసాలున్నాయి. కొత్త పరికరాలతో చూస్తే 22 అమైనో ఆమ్లాలు తేలాయి. అప్పట్లో మిల్లర్ కంటికి కనిపించనివి సీసాలో అలాగే ఉండిపోయాయి.

మరి ఇంతటితో అయిపోయిందా? కాలేదు. తొలి భూమి గాలిలో మీథేన్, అమ్మోనియా అంత ఎక్కువగా ఉండేవి కావని, కార్బన్ డయాక్సైడు, నైట్రోజనే ఎక్కువని భూగర్భ శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. ఆ వాయువులతో చేస్తే పంట బాగా తగ్గిపోతుంది. అయితే అమైనో ఆమ్లాలు దొరకడానికి మిల్లర్ సీసా ఒక్కటే దారి కాదు. 1969 సెప్టెంబరు 28న ఆస్ట్రేలియాలో మర్చిసన్ అనే ఊరి దగ్గర ఒక ఉల్క పడింది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలో దాన్ని పరీక్షించిన బృందంలో ముఖ్యుడు సిరిల్ పొన్నంపెరుమ. శ్రీలంకలోని గాల్‌లో పుట్టి, మద్రాసు విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చదివి, లండన్, కాలిఫోర్నియాల మీదుగా రసాయన శాస్త్రంలోకి వచ్చిన మనిషి. ఆ ఉల్కలో అమైనో ఆమ్లాలున్నాయి. ఎవరి చేతి చెమటో అంటి వచ్చినవి కావని ఎలా తెలుసు? అమైనో ఆమ్లాలు చెప్పుల జతలా ఉంటాయి, ఎడమవీ కుడివీ. భూమ్మీది ప్రాణులు ప్రొటీన్లలో ఎడమవే వాడతాయి. ఉల్కలో రెండూ దాదాపు సమానంగా ఉన్నాయి. 2023 సెప్టెంబరులో నాసా నౌక బెన్ను అనే గ్రహశకలం నుంచి మట్టి తెచ్చింది. మన ప్రొటీన్లలో వాడే 20 అమైనో ఆమ్లాల్లో 14 అందులో ఉన్నాయని 2025లో ప్రకటించారు.

ఇక్కడ ఆగి క్రియలు చూద్దాం. 'ఉన్నాయి' అని రాశాం. 'ఉండవచ్చు' అనలేదు, 'ఉన్నాయట' అనలేదు. సీసాలోనూ రాతిలోనూ కొలిచి చూసిన మాట కాబట్టి నిశ్చయార్థం. ఈ వ్యాసంలో ఇకపై క్రియ చివర ఏముందో కనిపెడుతూ ఉండండి.

అమైనో ఆమ్లాలు దొరకడమంటే అక్షరాలు దొరకడం. అఆఇఈలు గుమ్మరించినంత మాత్రాన పద్యం రాదు. ప్రాణానికి రెండు పనులు వచ్చి ఉండాలి. తనను నడుపుకోవాలి, తనలాంటిదాన్ని మళ్లీ తయారుచేసుకోవాలి. ఇవాళ మన కణాల్లో నడిపే పని ఎక్కువగా ప్రొటీన్లది. తయారీ విధానం రాసి దాచే పని డీఎన్‌ఏది. డీఎన్‌ఏ నకలు తీయాలంటే ప్రొటీన్లు కావాలి. ప్రొటీన్లు తయారవాలంటే డీఎన్‌ఏలోని రాత కావాలి. చెట్టు ముందా, విత్తు ముందా?

ఈ ముడిని కొంత వదులు చేసింది ఆర్‌ఎన్‌ఏ. 1980ల మొదట్లో థామస్ చెక్, సిడ్నీ ఆల్ట్‌మన్ వేర్వేరుగా ఒక సంగతి కనిపెట్టారు. రాతను మోసే ఆర్‌ఎన్‌ఏ ఒక్కోసారి ప్రొటీనులా పని కూడా చేస్తుంది. ఇద్దరికీ 1989లో నోబెల్ వచ్చింది. చెట్టూ విత్తూ ఒకటే అయిన కాలం ఒకటి ఉండి ఉండవచ్చు, మొదట ఆర్‌ఎన్‌ఏ లోకమే నడిచి ఉండవచ్చు అన్న ఆలోచన బలపడింది. దీనికి గట్టి సాక్ష్యం మన కణాల్లోనే ఉంది. ప్రొటీన్లను అల్లే యంత్రం పేరు రైబోజోమ్. దాని నిర్మాణం 2000లో బయటపడింది. అమైనో ఆమ్లాలను ఒకదానికొకటి అతికించే కీలకమైన చోట ఉన్నది ప్రొటీను కాదు, ఆర్‌ఎన్‌ఏ. రైబోజోమ్ మీద పనికి 2009లో నోబెల్ పొందిన ముగ్గురిలో ఒకరు తమిళనాడులోని చిదంబరంలో పుట్టి బరోడాలో చదివిన వెంకట్రామన్ రామకృష్ణన్.

ఆర్‌ఎన్‌ఏలో నాలుగు అక్షరాలుంటాయి. వాటిలో ఒకటైన అడెనిన్ ప్రాణాంతకమైన విషం నుంచి తయారవుతుంది. హైడ్రోజన్ సయనైడు అణువులు ఐదు కలిస్తే ఒక అడెనిన్. జువాన్ ఒరో 1960 ప్రాంతంలో ప్రయోగశాలలో చేసి చూపించాడు. మిగతా అక్షరాలను చక్కెరతో, ఫాస్ఫేటుతో అతికించడం మాత్రం చాలాకాలం ఎవరికీ చేతకాలేదు. 2009లో ఇంగ్లండులో జాన్ సదర్లాండ్ బృందం వాటిని విడివిడిగా చేసి అతికించే ప్రయత్నం మానేసి, వేరే దారిలో రెండు అక్షరాలను ఒకేసారి చక్కెరతో సహా రాబట్టింది. దారి దొరికింది. నాలుగు వందల కోట్ల ఏళ్ల కిందట ప్రకృతి ఆ దారిలోనే నడిచిందా అన్నది వేరే ప్రశ్న.

ఇక వెనక బెంచీ ప్రశ్నకు వద్దాం. సముద్రమా, మడుగా? ఇవాళ పెద్ద తగాదా ఇదే. తగాదాకు మూలం నీళ్లు.

రెండు అమైనో ఆమ్లాలు చేతులు కలిపినప్పుడల్లా మధ్యలోంచి ఒక నీటి అణువు బయటికి పోవాలి. ఆర్‌ఎన్‌ఏ అక్షరాలకూ అంతే. చుట్టూ నీళ్లే ఉంటే ఆ అణువు ఎక్కడికి పోతుంది? వానలో బట్టలు ఆరేసినట్టు ఉంటుంది. పైగా అతుక్కున్న వాటిని కూడా నీళ్లు మెల్లగా విడదీస్తాయి. నీళ్లు లేకపోతే ప్రాణం లేదు, నీళ్లలో గొలుసు నిలవదు.

మడుగు పక్షంవారు, ముఖ్యంగా అమెరికాలో డేవిడ్ డీమర్, బ్రూస్ డామర్, అందుకే నీళ్లు వచ్చిపోయే చోటు కావాలంటారు. మన ఊళ్లలో చెరువు చూడండి. వానకు నిండుతుంది, వేసవికి ఎండి నెర్రెలు విచ్చుతుంది. అగ్నిపర్వతాల దగ్గర వేడి మడుగు ఎండినప్పుడు, అడుగున మిగిలిన పదార్థాలు దగ్గరగా చేరి గొలుసులు కట్టి ఉండవచ్చు. మళ్లీ తడిసినప్పుడు కొవ్వు ఆమ్లాల బుడగలు వాటిని లోపల మూసి ఉండవచ్చు. సబ్బు నురగలో బుడగలు మీకు తెలుసు కదా, కణం పొరకు అవి దూరపు చుట్టాలు. ప్రయోగశాలలో ఇలా తడిపి ఆరబెడితే పొడవైన గొలుసులు వచ్చాయి. డీమర్ అక్కడితో ఆగలేదు. రష్యాలో కమ్‌చాత్కాకు వెళ్లి, అగ్నిపర్వతం దగ్గరున్న నిజమైన వేడి మడుగులో తన ముడిసరుకు పోసి చూశాడు. కొద్ది గంటల్లో అది చాలావరకు మాయమైంది, మడుగులోని బంకమట్టి పీల్చేసుకుంది. ప్రయోగశాలలో వచ్చింది బయట రాలేదని ఆయనే రాసుకున్నాడు.

సముద్ర పక్షం కథ 1977లో మొదలైంది. గలపాగోస్ దగ్గర సముద్రం అడుగుకు 'ఆల్విన్' అనే చిన్న జలాంతర్గామిలో దిగినవారికి చీకటిలో వేడినీటి బుగ్గలు, వాటి చుట్టూ గుంపులుగా ప్రాణులు కనిపించాయి. 1988లో గుంటర్ వాక్టర్స్‌హాయిజర్ (ఈయన మ్యూనిక్‌లో పేటెంట్ల లాయరు, చదివింది రసాయన శాస్త్రం) మొదటి ప్రాణం ఇనుము, గంధకం ఖనిజాల మీద మొదలై ఉండవచ్చని వాదించాడు. తర్వాత మైకేల్ రస్సెల్ ఇంకో రకం బుగ్గలు ఉండి ఉండాలన్నాడు, అంత వేడి లేనివి, క్షార గుణం ఉన్నవి. 2000 డిసెంబరులో అట్లాంటిక్ అడుగున సరిగ్గా అలాంటివే కనిపించాయి. దానికి 'లాస్ట్ సిటీ' అని పేరు పెట్టారు. అక్కడి తెల్లని సున్నపు బురుజుల్లో ఒకటి 60 మీటర్ల ఎత్తు. బురుజు నిండా సన్నని గదులు, గదుల్లో గోరువెచ్చని నుంచి బాగా వేడి వరకు క్షారజలం.

ఆ గదుల వల్ల లాభమేమిటి? నాగార్జున సాగర్‌ను తలుచుకోండి. ఆనకట్టకు ఒకవైపు నీళ్లు ఎత్తుగా, మరోవైపు పల్లంగా ఉంటాయి. ఆ తేడాతోనే టర్బైన్లు తిరుగుతాయి. మన కణాల్లోనూ ఇలాంటి ఆనకట్టలున్నాయి. పొరకు ఒకవైపు ప్రోటాన్లు ఎక్కువ, మరోవైపు తక్కువ. ఆ తేడాతో తిరిగే చిన్న టర్బైను మనకు శక్తినిస్తుంది. పీటర్ మిచెల్‌కు 1978లో నోబెల్ తెచ్చిన విషయమిది. క్షార బుగ్గల్లో సన్నని గోడకు లోపల క్షారజలం, బయట ఆ కాలపు కొంచెం పుల్లని సముద్రం. ఎవరూ కట్టకుండానే ఆనకట్ట సిద్ధం. ప్రాణం మొదట శక్తి సంపాదించింది ఇక్కడేనేమో అంటారు రస్సెల్, విలియం మార్టిన్, నిక్ లేన్. ఒక్క మాటలో, మడుగు పక్షం వంట పుస్తకం ముందంటుంది, సముద్ర పక్షం పొయ్యి ముందంటుంది.

తర్వాత జరిగింది నిజమైన వాదులాట. ఉప్పునీటిలో కొవ్వు బుడగలు నిలవవు కదా అన్నది మడుగు పక్షం. లేన్ బృందం 2019లో పలు రకాల కొవ్వు ఆమ్లాలు కలిపి, ఉప్పగా క్షారంగా ఉన్న వేడినీటిలోనే బుడగలు నిలబెట్టి చూపించింది. ఆ రోజుల్లో ఎండిన నేల ఎంత ఉండేది, దాదాపు అంతా సముద్రమే కదా అన్నది సముద్ర పక్షం. అగ్నిపర్వత ద్వీపాలు చాలు అని జవాబు. కణాల లోపల సోడియం కన్నా పొటాషియం ఎక్కువ, సముద్రంలో సోడియమే ఎక్కువ, కాబట్టి పుట్టింది సముద్రం కాదని మరొకరు. మా మొగ్గు అడిగితే మడుగు వైపే కొంచెం. కారణం శాస్త్రం కాదు, చెరువుగట్టు మీద పెరగడం. అందుకే మా మొగ్గును లెక్కలోకి తీసుకోకండి.

ఉల్కల మీద వచ్చిందన్న మాట మిగిలింది. అక్షరాలు రాలిపడ్డాయన్నది నిజం, పైన చూశాం. ప్రాణమే రాలిపడిందా? ఫ్రెడ్ హాయిల్, శ్రీలంకలో పుట్టిన చంద్ర విక్రమసింఘె చాలాకాలం అలా వాదించారు. దీన్ని పరీక్షించడానికి జయంత్ నార్లికర్ పూనికతో ఇస్రో హైదరాబాదులోని టాటా సంస్థ బెలూన్ కేంద్రం నుంచి బెలూన్లు ఎగరేసింది. 2005 నాటి బెలూను 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి పట్టి తెచ్చింది. హైదరాబాదు సీసీఎంబీలోనూ పుణెలోనూ పరీక్షిస్తే బ్యాక్టీరియా దొరికాయి. వాటిలో మూడు అప్పటిదాకా ఎవరూ చూడని జాతులు. ఒకదానికి హాయిల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఆర్యభట పేరు పెట్టారు. 'దొరికాయి' నిశ్చయం. 'అంతరిక్షం నుంచి వచ్చాయి' అని మాత్రం 2009లో ఇస్రో కూడా తేల్చి చెప్పలేదు, కింది నుంచి ఎగిరి ఉండవచ్చు కాబట్టి. ఒకవేళ పైనుంచే వచ్చాయనుకున్నా చిక్కు తీరదు. అక్కడ ఎలా పుట్టాయి? ఇది సమస్యను పరిష్కరించడం కాదు, ట్రాన్స్‌ఫర్ చేయడం. ఆ రెండింటికీ తేడా మన ఇళ్లలో అందరికీ తెలుసు.

క్రియల పాఠానికి మేము దాచుకున్న ఉదాహరణ అలహాబాదుది. అక్కడి విశ్వవిద్యాలయంలో కృష్ణ బహదూర్ అనే రసాయన శాస్త్రవేత్త 1960లలో కొన్ని లవణాలు, కర్బన పదార్థాలు నీళ్లలో కలిపి ఎండలో పెట్టారు. సూక్ష్మదర్శినిలో చిన్న చిన్న గోళాలు కనిపించాయి. అవి పెరుగుతున్నాయని, మొగ్గ తొడిగి రెండవుతున్నాయని ఆయన ప్రకటించారు. వాటికి 'జీవాణు' అని పేరు పెట్టారు. జీవం, అణువు కలిపిన మాట. నాసా ఆ ప్రయోగాలను సమీక్షించింది. చేసినవారిలో ఉల్క పరీక్షించిన పొన్నంపెరుమ ఒకరు. ఆ గోళాల స్వభావం ఏమిటో ఇంకా స్పష్టం కావాలని 1967లో తేల్చారు. గోళాలు ఏర్పడ్డాయి. పెరిగి, మొగ్గ తొడిగాయట. అవి బతికాయా? పేరులో జీవం ఉన్నంత మాత్రాన కాదు. అలాగని బహదూర్‌గారు మోసం చేశారనీ ఎవరూ అనలేదు. చూసింది ఒకటి, చూసినదానికి పెట్టిన పేరు ఇంకొకటి, అంతే. తెలుగులో ఆ చిన్న 'ట' ఎంత బరువు మోస్తుందో చూశారా?

నకలు తీసుకునే అణువు ఇప్పటికైనా దొరికిందా? 2009లో అమెరికాలో ట్రేసీ లింకన్, జెరాల్డ్ జాయిస్ రెండు ఆర్‌ఎన్‌ఏ అణువులు ఒకదాన్నొకటి తయారుచేసుకుంటూ పోయేలా చేశారు. దాదాపు గంటకొకసారి రెట్టింపయ్యాయి. అయితే ముక్కలను ముందే తయారుచేసి అందించింది మనుషులు. ముడి రసాయనాల నుంచి మొదలుపెట్టి ప్రాణం దాకా, మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టకుండా, ఒక్క ప్రయోగశాల కూడా ఇంతవరకు నడిపించలేదు.

కాబట్టి పరీక్షలో ఏది రాయాలి? పన్నెండో తరగతి జీవశాస్త్రంలో ఒపారిన్, హాల్డేన్, మిల్లర్ ఉన్నారు. అడిగితే వారిని రాయండి, మార్కులు పోగొట్టుకోకండి. 'అమైనో ఆమ్లాలు ఏర్పడ్డాయి' అని రాయండి. 'సముద్రంలో ప్రాణం పుట్టింది' అని కాకుండా 'పుట్టి ఉండవచ్చు' అని రాయండి. ఉల్కల వాదానికి 'అంటారు' చాలు. ప్రశ్న అడిగిన విద్యార్థికి సెలవులయ్యాక ఇదంతా చెబుదామని క్లాసుకు వెళితే ఆ బెంచీ ఖాళీగా ఉంది. వాళ్ల నాన్నగారికి లద్దాఖ్ పోస్టింగ్ వచ్చిందని మిగతా పిల్లలు చెప్పారు. ఈ పత్రిక అక్కడిదాకా వెళుతుందన్న ఆశతోనే ఇది రాశాం.

ఇది చదువుతున్నట్లయితే, నాన్నా, నీకు దగ్గర్లోనే పూగా అనే లోయ ఉంది. సముద్రమట్టానికి నాలుగు వేల మీటర్లకు పైన, చుట్టూ మంచు, మధ్యలో ఉడుకుతున్న బుగ్గలు. లక్నోలోని బీర్బల్ సాహ్ని పురాజీవ విజ్ఞాన సంస్థ వారు 2025లో అక్కడి సున్నపు పొరలను పరీక్షించి, వాటిలో కర్బన అణువులు చిక్కుకుని భద్రంగా ఉన్నాయని చెప్పారు. తొలి రోజుల్లో ఇలాంటి పొరలే ముడిసరుకును కాపాడి ఉండవచ్చని వారి ఆలోచన. ఇవాళ ఆ బుగ్గల నిండా సూక్ష్మజీవులున్నాయి కాబట్టి ఏది ప్రాణానికి ముందుదో, ఏది ప్రాణం వదిలిందో విడదీయడం కష్టం. అమ్మానాన్నలు ఎప్పుడైనా తీసుకువెళితే బుగ్గ అంచున ఏ రంగు పొర ఎక్కడ పేరుకుందో చూసి మాకు రాయి. నీళ్లలో మాత్రం చెయ్యి పెట్టకు. అంత ఎత్తులో నీళ్లు 85 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అయినా కాలడం కాలుతుంది.